వావిలాకు నీళ్ళు

మంగళవారం, పటమట

బాలింత నొప్పులు తగ్గించేది వావిలాకా, వేడినీళ్ళా? ఇన్నేళ్ళుగా బోటనీ చెబుతున్నా నాకది తేలలేదు.

రేపు చెల్లికి పురిటి స్నానమని అమ్మ మైలవరం నుంచి సంచినిండా వావిలి రెమ్మలు తెచ్చింది. కొన్ని కాడలకు మూడాకులు, కొన్నిటికి అయిదు. నలిపితే మాత్రం ఒకటే ఘాటు.

"ఆపరేషన్ కుట్లమ్మా. ఇంకో వారం తడపొద్దన్నారు డాక్టరుగారు," అన్నాను.

"కుట్ల మీద కవరు అంటించి పోస్తాలేవే. నీకు పోస్తే చచ్చావా?"

నాది మామూలు కాన్పు, కుట్లు లేవు. కానీ అమ్మ ఆ నీళ్ళు పోసిన రోజు ఒళ్ళెరక్కుండా నిద్రపోయిన మాట నిజం.

"నడుం విరిగిపోతోందక్కా, పోయనివ్వవే," అని చెల్లి ఏడ్చింది. నాకు వాదించే ఓపిక లేదు. పొద్దున్నే అమ్మ నీళ్ళు కాచేస్తుంది. అడ్డుపడాలో, ఊరుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.