మీ రింగు వదులవలేదు

మామయ్యకు,

ఆదివారం మైదానంలో మన రాకెట్ అడ్డం తిరిగి జనం మీదికి దూసుకెళ్లింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి సరిపోయింది. అప్పుడు రాకెట్ క్లబ్బు వాళ్లందరి ముందు, "మోటారును పట్టి ఉంచే రింగు మామయ్య చేశాడు, అదే వదులైంది" అన్నాను. మీరు తల వంచుకుని, "నా చేతులు మునుపటిలా లేవురా" అన్నారు.

అది అబద్ధం మామయ్యా. మీరు మీ లేత్ మిషన్ మీద వారం రోజులు కష్టపడి చేసిన అల్యూమినియం రింగు ఆ రాకెట్‌లో లేనే లేదు. అన్ని భాగాలూ ఇంట్లో త్రీడీ ప్రింటర్‌తో చేసినవేనని గొప్పలు చెప్పుకోవడానికి, దాన్ని తీసేసి నా ప్లాస్టిక్ రింగు పెట్టాను. "వేడి దగ్గర ప్లాస్టిక్ ఆగదురా" అని మీరు ముందే చెప్పారు. మోటారు వేడికి అది మెత్తబడి జారిపోయింది.

ఇవాళ క్లబ్బుకు వెళ్లి నిజం ఒప్పుకున్నాను. అక్కడి నుంచి నేరుగా మీ ఇంటికే వచ్చాను. లోపల, లేత్ కొనడానికి వచ్చినవాళ్లతో మీరు, "మిషన్ బాగానే ఉంది, పాడైంది నేనే" అంటున్నారు. ఆ మాట విన్నాక లోపలికి రావడానికి ముఖం చెల్లక, మీ మెట్ల మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. తలుపు కింద నుంచి తోస్తాను.

నన్ను లోపలికి పిలవకపోయినా ఫరవాలేదు. వాళ్లకు మాత్రం లేత్ ఇవ్వకండి.

మీ మేనల్లుడు