సగటు తీసిన అధ్యాయం

ప్రియమైన టపాకాయ్‌కి,

ముప్పై ఆరేళ్లు వర్క్‌షాపులో కొలతలు సరిచూస్తూ నిలబడిన కాళ్లు ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఊగుతున్నాయి. రిటైరయ్యాక రోజు ఎలా గడుస్తుందా అని భయపడ్డాను గానీ, పొద్దు చాలడం లేదమ్మా. తెల్లారగానే ఆరు పెన్సిళ్లు చెక్కుకుని, కిటికీ పక్క టేబుల్ దగ్గర మన కుటుంబ చరిత్ర ముందేసుకుంటాను. మీ పెద్దమ్మ మూడుసార్లు పిలవాలి భోజనానికి. "చరిత్ర ఎక్కడికీ పారిపోదు, అన్నం చల్లారిపోతుంది" అని దెప్పుతుంది.

నా పద్ధతి నీకు తెలుసు. ఏ సంగతైనా ఇద్దర్ని అడుగుతాను. ఇద్దరూ చెరోమాట చెబితే మధ్యది రాస్తాను. మీ తాత కుట్టుమిషను కొన్నప్పుడు మీ నాన్నకి ఆరేళ్లని పెద్దత్త, ఎనిమిదని చిన్నత్త. ఏడని రాశాను. గొడవ లేదు!

ఏడో అధ్యాయం పంపుతున్నాను, అందులో నువ్వున్నావు. తప్పులుంటే చెప్పు. ఫోన్ మాత్రం చేయకు. ఫోన్లో మాట ఫైలుకెక్కదు.

పెన్సిలు పొట్టులో కూరుకుపోయిన,
నీ పెదనాన్న

*

ప్రియమైన పెదనాన్నకి,

ఉత్తరమంటే అలా మొదలెట్టాలని నువ్వే నేర్పావు కాబట్టి 'ప్రియమైన' అని రాశాను. లేకపోతే రాసేదాన్ని కాదు.

ఏడో అధ్యాయం చదివాను. షిఫ్టు దిగే బెల్లు మోగాక కూడా లేత్ మిషను పక్కన స్టూలు మీదే కూర్చుని రెండుసార్లు చదివాను. "తండ్రి పోయిన ఏడాదికి, అందరి సమ్మతితో, నాలుగేళ్ల పాపను మా దగ్గర ఉంచి ఆమె వెళ్లింది." అంతే. మా అమ్మకి నువ్విచ్చింది ఒక్క వాక్యం. తాత కుట్టుమిషనుకి రెండు పేజీలు!

పెద్దత్త నా చిన్నప్పట్నించీ ఏం చెప్పింది? "మీ అమ్మ వెనక్కి తిరిగైనా చూడలేదే." చిన్నత్త ఏం చెప్పింది? "మూడో రోజు నీకోసం వచ్చింది. ఎవరూ తలుపు తీయలేదు." ఈ రెండింటి మధ్యలో అందరి సమ్మతి ఎక్కడ దొరికింది నీకు? ఏ డ్రాయర్లో?

పదహారేళ్లప్పుడు నా చేతికి మైక్రోమీటర్ ఇచ్చి ఏమన్నావు? "రెండు రీడింగులకి వెంట్రుకంత తేడా ఉంటే సగటు తియ్యి. వేలెడంత తేడా ఉంటే సగటు తీయకూడదు. ముక్కని మళ్లీ కొలవాలి." నేను ఆ మాట మీదే బతుకుతున్నాను. నువ్వు రిటైరయ్యాక మర్చిపోయావా?

అమ్మ నన్ను వదిలేసిందా, లేక మీరు రానివ్వలేదా? నాకది కావాలి. ఎవరి మీద కోప్పడాలో తెలీక ఇరవై మూడేళ్లొచ్చినా కనబడ్డ ప్రతివాడి మీదా పడుతున్నాను. మొన్న సూపర్‌వైజర్ని కడిగేశాను. పాపం, ఆయన చేసిన తప్పల్లా పలకరించడమే.

పెద్దత్త మాట రాసుకున్నావు, చిన్నత్త మాట రాసుకున్నావు. ఆ రోజు నువ్వూ ఇంట్లోనే ఉన్నావు కదా. నీ రీడింగేది?

మండుతున్న,
టపాకాయ్

*

ప్రియమైన తల్లీ,

మూడు వారాలుగా పెన్సిళ్లు చెక్కుతున్నానే గానీ రాయడం లేదు. ఆరింట్లో నాలుగు బొటనవేలంత అయ్యాయి.

మీ అమ్మ వెళ్లిన మూడో రోజు మధ్యాహ్నం. వాన. మీ పెద్దమ్మ పనికెళ్లింది. నువ్వు నీ చెవి నువ్వే పట్టుకుని నా భుజం మీద నిద్రపోతున్నావు. తలుపు కొట్టారు. మూడుసార్లు కొట్టి, ఆగి, మళ్లీ రెండుసార్లు. ఎవరని నేను అడగలేదు. ఆమేనని నాకు తెలుసు. గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాను. తీస్తే నిన్నివ్వాలి. తీయలేదు.

సాయంత్రం చిన్నత్తకి చెప్పుకున్నాను. 'నువ్వు తీయలేదు' అనలేక అది నీతో 'ఎవరూ తీయలేదు' అంది. అంటే నేను అడిగి రాసుకున్న చిన్నత్త మాట కూడా నాదే. ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఇంత దొంగ కొలత ఇంకోటి లేదు.

మీ అమ్మ అడ్రసు పెద్దత్త దగ్గర ఉంది. అడిగితే రాసిచ్చింది. ఈ కాగితం వెనకాల రాశాను. వెళ్లడానికి నాకు మొహం లేదు. నువ్వే వెళ్లి కొలుచుకో.

పుస్తకం ఆపేశాను. టేబుల్ మీద ఇప్పుడు మీ పెద్దమ్మ బట్టలు మడతపెట్టుకుంటోంది.

ఏమని సంతకం పెట్టాలో తెలియని,
పెదనాన్న

*

ప్రియమైన పెదనాన్నకి,

ఈసారి 'ప్రియమైన' అలవాటుకొద్దీ రాశానో, నిజంగానే రాశానో నాకే అర్థం కావడం లేదు.

వెళ్లాను. లాండ్రీ పైన ఒక గది, ఇనప మెట్లు. నా బూట్ల చప్పుడు విని, నేను కొట్టకముందే తలుపు తీసింది. "ఎవరు కావాలమ్మా?" అంది. దారి పొడుగునా అనుకున్న తిట్లన్నీ ఎటుపోయాయో. "నేను లేత్ మీద పనిచేస్తాను" అన్నాను. అదేం జవాబో! ఏం చేయాలో తోచక చెవి పట్టుకుని నిలబడ్డాను. నా చేతిని చూసింది, చెవిని చూసింది. తలుపు పట్టుకుని అక్కడే గడప మీద కూర్చుండిపోయింది.

కింది మెట్టు మీద కూర్చుని అడిగాను.

"మూడో రోజు వచ్చావా?"

"ఎక్కడికి?"

"ఇంటికి. నాకోసం. తలుపు కొట్టలేదూ?"

"లేదే."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో."

"ఎందుకు గుర్తుండదు? మీ వీధి చివర బస్టాపు దాకా వచ్చాను. వాన. రెండు బస్సులు వదిలేసి, మూడోదెక్కి వెనక్కొచ్చేశాను. వస్తే నిన్ను తీసుకురావాలి. తెచ్చి ఎక్కడ పెట్టాలో నాకు తెలీలేదు."

పెదనాన్నా, ఆమె నీ తలుపు కొట్టలేదు!

ఇప్పుడు చెప్పు, నేనేం చేయను? పంతొమ్మిదేళ్లుగా నువ్వు మోస్తున్నది ఎవరి చప్పుడో. అవతల ఆమె లేదు. అయినా ఆమే అనుకుని నువ్వు తీయలేదు. మరి నిన్ను తిట్టాలా వద్దా? ఆమె వానలో వీధి చివరిదాకా వచ్చింది, అయినా ఇంటికి రాలేదు. వదిలేసినట్టా, వచ్చినట్టా? బస్సులో తిరిగొస్తూ కోపాన్ని మీ ఇద్దరికీ చెరిసగం పంచుదామని చూశాను. అదీ సగటేనని తెలిసి మానేశాను.

పుస్తకం ఆపడానికి నీకేం హక్కుంది? బట్టలు మంచం మీద మడతపెట్టుకోమను. ఏడో అధ్యాయం చింపెయ్. పెద్దత్త చెప్పింది, నువ్వు చెప్పింది, అమ్మ చెప్పింది, మూడూ పక్కపక్కన రాయి. కలపకు, సర్దకు. నాలుగోది నేనే వచ్చి రాస్తాను. నాకేమీ అర్థం కాలేదని రాస్తాను, ఒక్క అక్షరం దిద్దావో చూడు.

ఆదివారం వస్తున్నాను. ఆ టేబుల్ దగ్గర రెండో కుర్చీ వెయ్యి.

ఇంతకీ ఆ వానలో అయిదుసార్లు కొట్టి వెళ్లిపోయింది ఎవరు? కనుక్కో. రిటైరయ్యావుగా, ఇంకేం పని నీకు?

నేను మాత్రం తలుపు తీసేదాకా కొడతాను.

నీ,
టపాకాయ్