మూర్తి అంకుల్ పీకేసిన యాంటెన్నా

మంగళవారం రాత్రి, ఒషావా, కెనడా

కాలేజీ నుంచి వచ్చేసరికి నా హామ్ రేడియో యాంటెన్నా వైరు చుట్టచుట్టి మేముండే బేస్‌మెంట్ మెట్ల మీద పడి ఉంది. ఒళ్లు మండిపోయింది. దాన్ని పెరట్లో కంచె నుంచి మేపుల్ చెట్టుకి కట్టడానికి ఆదివారమంతా నేనూ నా రూమ్మేట్ శ్రావణీ చలిలో నిచ్చెనతో తంటాలు పడ్డాం. అదీ పైన ఉండే ఓనరు మూర్తి అంకుల్‌ని అడిగే కట్టాం!

పైకెళ్లి అడిగితే తలుపు సగమే తెరిచాడు.

“ఆ వైరేంటని పక్కింటాయన అడిగాడమ్మా. సిటీ ఆఫీసు వాళ్లకి కంప్లైంట్ చేస్తే? వాళ్లు వైరు చూసి ఊరుకుంటారా? కిందికొచ్చి ఎంతమంది ఉన్నారో చూస్తారు.”

“ఇద్దరుండాల్సిన చోట ఏడుగురిని పెట్టింది మీరే కదా అంకుల్?”

“అందుకే చెప్తున్నా. నలుగురి కళ్లల్లో పడకండి. ఎవరైనా వచ్చి తలుపు కొడితే పలక్కండి.”

పలక్కుండా రేడియో ఏమిటి! పరీక్ష పాసై లైసెన్సూ, రేడియోలో నా గుర్తింపుగా ఒక కాల్ సైనూ తెచ్చుకున్నాను. మైకు పట్టుకుంటే అది చెప్పి తీరాలి, అది రూలు. నిన్న మొదటిసారి ఎక్కడో తూర్పు తీరాన ఉన్న హాలిఫాక్స్ నుంచి ఎవరో పెద్దాయన జవాబిచ్చి నా పేరూ ఊరూ అడిగాడు. ఎంత గర్వంగా చెప్పానో!

“వదిలెయ్యవే, వెళ్లిపొమ్మంటే ఈ చలిలో ఎక్కడికి పోతాం?” అంటోంది శ్రావణి. నిజమే. అదే ఇంకా మండిస్తోంది.

నేనెవరో, ఎక్కడున్నానో దేశమంతా వినేలా చెప్పుకోవడానికి ప్రభుత్వం లైసెన్సు ఇచ్చింది. ఈ ఇంట్లో మాత్రం ఎవరైనా తలుపు కొడితే లైట్లార్పి, ఊపిరి బిగబట్టి కూర్చోవాలి.