వెనక్కి ఇచ్చే బంతి

కోచ్ సులోచన మేడమ్ గారికి లోకేశ్వరి తండ్రి నమస్కరించి రాయునది. ఫోన్‌లో సరిగా చెప్పలేక రాస్తున్నాను.

మా అమ్మాయి ఫామ్ పోయిందని, దేశం రగ్బీ జట్టు పన్నెండు మందిలో ఉంచాలా తీసేయాలా అని సెలెక్టర్లు తేల్చుకోలేకున్నారని మీరు చెప్పారు. మీరు పంపిన మ్యాచ్ వీడియోలు ఇక్కడ గల్ఫ్ ఎడారిలో, కబ్ద్‌లో, గొర్రెల షెడ్డు పక్కన కూర్చుని చూశాను. నాతో పనిచేసే రాయచోటి సిరాజ్ కూడా చూశాడు. "పరుగు తగ్గలా, పట్టు తగ్గలా. ఇంగెందుకు తీసేస్తారన్నా పిల్లను?" అని వాదించాడు. నేను వీడియో మళ్ళీ మొదటి నుంచి పెట్టి చూశాను.

రగ్బీలో బంతిని వెనకున్న వాళ్ళకే ఇవ్వాలని మీరే అన్నారు. ఆమె తల తిప్పకుండా ఇస్తోంది. బంతి నేలపాలవుతోంది.

మార్చిలో వాళ్ళమ్మ పోయింది. ఇక్కడ ఉండేందుకు ఇచ్చే నా ఇఖామా కార్డు గడువు తీరి, కొత్తది చేతికి రాక ఊరికి పోలేకపోయాను. మాకు కొడుకుల్లేరు. శ్మశానంలో లోకేశ్వరే కుండ ఎత్తుకుని మూడు చుట్లు తిరిగింది. నేను వీడియో కాల్లో ఉన్నాను. "భుజం మీది నుంచి కుండ వెనక్కి వదిలెయ్ తల్లీ. తిరిగి చూడొద్దు. నడిచి వచ్చెయ్" అని చెప్పింది నేనే. చూడకుండా వచ్చేసింది. కుండ పగిలిన చప్పుడు ఫోన్‌లో వినపడింది. తర్వాత నేను గొర్రెలకు నీళ్ళు పెట్టాను.

జట్టులో ఉంచమని అడగను, అది మీకు తెలిసిన పని. గ్రౌండులో వెనక్కి చూడవచ్చని మాత్రం ఆమెకు ఒక్కసారి చెప్పండి. ఫోన్ చేసిన ప్రతిసారీ నేనే చెబుదామనుకుంటాను. అన్నం తిన్నావా అని అడిగి పెట్టేస్తున్నాను.

ఇట్లు,
లోకేశ్వరి నాయన