గాదెకు నా గుప్పెడు

జకార్తా, ఆదివారం

యుస్నిమార్ అక్కా, దగ్గు తగ్గింది, దిగులు పెట్టుకోకు.

ఇక్కడ వంట నాదే కదా. బియ్యం కడిగేముందు, మన ఇంటి ఆడవాళ్లలాగే లేనివాళ్ల కోసం ఓ గుప్పెడు తీసి డబ్బాలో వేస్తున్నాను. ఆ చప్పుడు వింటే చాలు, పొయ్యి మీది ఆవిరి మన కొండమంచులా కమ్ముకుంటుంది. అందులోంచి దున్నకొమ్ముల్లా వంపు తిరిగిన మన ఇంటికప్పు కొనలు మెల్లగా పైకి తేలతాయి. నిన్న ఆ మైకంలో అన్నం మాడబెట్టాను. నా గదిలోనే ఉండే మన ఊరి రుస్దీ చూసి, "ఇదేందన్నా, ఆడవాళ్ల పని! రేపు ఆడపిల్లలకొచ్చే అమ్మ ఇల్లు కూడా నీకే రాసిమ్మంటావేమో!" అని పగలబడి నవ్వాడు.

వాడు ఊరికొస్తున్నాడు, డబ్బా వాడి చేతే పంపుతున్నాను. మన ఇంటి ముందరి గాదెలో వడ్లే పోస్తారన్న సంగతి డబ్బా నిండాక గుర్తొచ్చింది! తిట్టకు. మిల్లులో వడ్లకు మార్పించి, కరువుకని కట్టిన గాదెలోనే పోయించు, నీ కుండలో కాదు. దాని నారకప్పు పీకేసి రేకులు వేస్తారట, నిజమేనా? మేనమామ మాట లేకుండా ఇంటి ఆస్తి ముట్టుకోకూడదు కదా, నేను ఒప్పుకోనని చెప్పు. నా మేనకోడలు లెలి మగ్గం మీద కూర్చుంటోందా? దానికి నా దీవెనలు.

అమ్మ ఇంట్లో మగపిల్లలకు గది ఇవ్వరు కదా అక్కా, గాదెలోనైనా నా గుప్పెడికి చోటుంచు.

నీ తమ్ముడు
సియాఫ్రిల్