రాత్రి నింపిన గాలి

ఆదివారం రాత్రి, మంచిర్యాల

నా రాత వంకర, తప్పులుంటాయి. అయినా ఇది ఎవరితో చెప్పుకోను?

పంక్చర్ షాపు నడిపే మా ఆయన పెట్రోలు లేకుండా గాలితో నడిచే మోపెడ్ తయారుచేశాడు. గాలి నింపడానికి సీటు కింద బిగించిన పాత ట్యాంకు ఆయన కిందే పేలుతుందని నా భయం. వద్దని చెప్పే ధైర్యం లేక, రాత్రి నింపిన గాలిని పొద్దున దొంగచాటుగా సగానికి పైగా వదిలేశాను.

బజారులో అందరి ముందు బండి కాస్త దూరం పోయి ఆగింది. "కంప్రెసర్ కరెంటు దండగ! నీయన్నీ గాలి మాటలే రా!" అని నవ్వారు.

సాయంత్రం లీకు వెతకడానికి నన్నే సబ్బునీళ్లు కలపమన్నాడు. మళ్లీ గాలి నింపి ట్యాంకంతా పూశాం. ఒక్క బుడగ రాలేదు.

"ట్యాంకు మంచిగనే ఉంది గదనే స్వప్నా. మరి గాలి ఏడికి పోయినట్టు?"

"ఏమో" అన్నాను.

బయట ఇంకా పూస్తూనే ఉన్నాడు. ఈ పేజీ ఎవరికి దొరికినా, ఆయన చూడకముందే కాల్చేయండి.