మాత్రలు మానేసిన నాయనకు

బెంగళూరు,
ఆదివారం

నాయనకు, అమ్మకు, రమణక్కకు నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను, ఒంట్లో ఏ తేడా లేదు. మీరంతా క్షేమమేనా అని అడగాలి గానీ అడగను. నాయనా, నువ్వు క్షేమంగా లేవని అక్క మొన్న ఫోన్లో చెప్పింది.

ఫోన్ చేస్తే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. అక్కతో చదివించుకో. మధ్యలో లేచిపోవద్దు.

మార్కాపురం డాక్టరు రాసిన బీపీ మాత్రలు నెల రోజుల నుంచి వేసుకోవడం లేదట. అక్క అడిగితే, "వాడు పంపినాడు గదమ్మే కాగితం, శనక్కాయలు తింటే నరాలు బాగుపడతాయంట. ఇంక మాత్రలేంటికి?" అన్నావట. పోయిన వారం మేకల కొట్టం దగ్గర కళ్లు తిరిగి కూలబడ్డావట. అది కూడా నాకు ఇంత ఆలస్యంగానా చెప్పేది?

ఆ కాగితం పంపింది నేనే నాయనా. తప్పు నాది.

ఇక్కడ నా పని బాదం, జీడిపప్పు పొట్లాలు కట్టడం. తూకం వేసి, మూతి అతికించే ముందు ఒక్కోదాంట్లో ఒక్కో కరపత్రం వేయాలి. ఖాళీ దొరికినప్పుడల్లా అదే చదివాను. పప్పుల్లోని మంచి కొవ్వు చెడ్డ కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది, రక్తనాళాలు బిరుసెక్కకుండా చూస్తుంది అని ఉంటుంది. అది అబద్ధం కాదు. ఉప్పు లేకుండా రోజూ గుప్పెడు తింటే మేలే, మన వేరుశనగ అయినా సరే. కానీ అది తిండి. మాత్ర చేసే పని అది చెయ్యదు. ఆ ఒక్క ముక్క మాత్రం అందులో వెయ్యలేదు. అడుగున "గుండె భయానికి ఇక సెలవు" అని ఎర్రక్షరాలు. నేను దాని కింద గీత గీసి మరీ నీకు పంపాను.

అక్క ఫోన్ పెట్టగానే ఓనరు దగ్గరికి పోయాను. కనిగిరి వైపు మనిషే.

"అన్నా, ఈ కాగితం చూసి మా నాయన మాత్రలు మానేసినాడు. నువ్వు నమ్ముతావా దీన్ని?"

"ఏందిరా నీ గోల! పొద్దున్నే రెండు మాత్రలు మింగే గదా నేను దుకాణం తెరిచేది."

"మరి ఆ మాట దీంట్లో ఎందుకు వెయ్యలా?"

"ఆ మాట మాత్రలమ్మేటోడు అచ్చేసుకుంటాడ్లే. నువ్వు పోయి తూకం చూసుకో, పెద్ద డాక్టరువి!"

కాగితాల కట్ట ఆయన బల్ల మీద పడేసి, ఇంక పొట్లాల్లో వెయ్యనన్నాను. అట్లయితే పనిలోకే రావద్దన్నాడు. వచ్చేశాను. అమ్మను కంగారు పడొద్దను. తిండికి ఇబ్బంది లేదు, రేపు ఇంకోచోట అడుగుతాను.

నువ్వు తినేవి ఏ కాయలో కూడా అక్క చెప్పింది. గట్టి కాయ విత్తనానికి దాచి, తర్వాతది మండీకి తోలి, అడుగున మిగిలిన తాలుకాయ, బూజుకాయ వేయించి, పైన ఇంత ఉప్పు చల్లుకుని తింటున్నావట. ఆ ఉప్పుతోనే బీపీ పెరుగుతుంది. బూజుకాయతో కాలేయం చెడుతుంది. ఇక్కడ లిఫ్టుల్లో తిరిగేవాళ్లు ఒక్క పుచ్చుగింజ కనబడితే పొట్లం వాపసు తెస్తారు. పండించినోడికి తాలు! నాకు కడుపు మండిపోతోంది నాయనా. విత్తనాల మూట విప్పి ఆ గట్టి కాయే తిను. ఈ ఏడు నాలుగు సాళ్లు తక్కువ వేస్తే మన చేను ఏమీ ఏడవదు.

ఉత్తరం అందిన మర్నాడే కొమరోలులో బస్సెక్కి, అక్కను వెంటబెట్టుకుని మార్కాపురం పో. డాక్టరు ముందు "వేసుకుంటానే ఉండా సార్" అని బొంకొద్దు. నెల నుంచి మానేశానని చెప్పు, కళ్లు తిరిగిన సంగతీ చెప్పు. కోప్పడితే నా పేరు చెప్పు, కొడుకు చెడగొట్టినాడని చెప్పు. ఆయన ఎట్ల వేసుకోమంటే అట్లే వేసుకో.

పెద్దనాయనకు, పెద్దమ్మకు నా నమస్కారాలు. మీ దీవెనలు అడగడానికి ఈసారి నాకు ముఖం లేదు. నన్ను తిట్టాలనుంటే నోరారా తిట్టు. మాత్ర వేసుకున్నాక తిట్టు.

నీ కొడుకు
శీను